ప్రయోగశాలలోని విషశేషము

 

మా తెలకపల్లి ప్రాంతపు బాలబాలికలు నేడు కళాశాలలయందు రసాయనశాస్త్రము నభ్యసించుచున్నారు. సంతోషము. పరీక్షాఫలితమును వారు పుస్తకమున వ్రాసికొందురు. గాజునాళికలో మిగిలిన ద్రవ మెక్కడికి పోవుచున్నదని విచారించువారు మాత్రము అరుదు. ఆ సంగతినే నేడు మీకు విన్నవించెదను.

లవణపరీక్షలలో సీసపు లవణములను, పొటాసియం డైక్రోమేటును, ఒక్కొక్కచోట పాదరసపు లవణములను వాడుదురు. ఆమ్లమును సోడాతో మెల్లమెల్లగా కలిపినచో దాని తీక్ష్ణత శమించును. సీసపాదరసము లట్టివి కావు; అవి మూలద్రవ్యములు. నీరు పోసినను, నిప్పున వేసినను వానికి నాశము లేదు. తొట్టిలో పోసి కుళాయి విప్పినచో విషము పలుచనగును గాని పోదు.

నే నొక కళాశాలను చూడబోగా, ప్రయోగశాల గొట్టము గోడవెనుక నింకుడుగుంటలో ముగిసియుండెను. సమీపముననే బోరుబావి. అడుగగా, “ఎప్పటినుంచో గిట్లనే పోతున్నది సారూ” అని బదులు వచ్చెను. ఆ నీటినే పిల్లలు త్రాగుచుండిరి.

ఉపేక్షాఫలమున కొక నిదర్శనము వినుడు. ఢిల్లీ విశ్వవిద్యాలయపు రసాయనశాఖలో 1985 మొదలు వాడుకలేక పడియున్న కోబాల్టు కిరణయంత్రమును 2010లో పాత ఇనుముతోపాటు వేలము వేసిరి. మాయాపురి అంగడిలో దానిని విప్పిన కూలీలు కిరణములచే వ్యాధిగ్రస్తులైరి; ఒకడు మరణించెను. మనకు దగ్గరగా పటాన్‌చెరువున కర్మాగారముల మురుగు నక్కవాగును చెరచినందున ఆ వివాదము 1990లో సుప్రీంకోర్టున కెక్కినది. కళాశాల విషము కొంచెమే. కాని కొంచెమైనను ఏటేట ఒకే గుంటలో చేరును గదా!

ఉపాయము కష్టము కాదు. గరిటెడు చాలునన్నచోట చెంబెడు వాడరాదు. శేషమును దేని కది వేరువేరు సీసాలలో నుంచి, పేరును తేదీని వ్రాసి అంటింపవలెను. నత్రికామ్లమును స్పిరిటును ఒకే సీసాలో మూసినచో వాయువు పుట్టి సీసా పగులును. డైక్రోమేటు శేషమును ఆమ్లమునందు ఫెర్రస్ సల్ఫేటుతో కలిపి, పిదప సున్నము చేర్చినచో క్రోమియము బురదయై అడుగున పేరుకొనును. సిల్వర్ నైట్రేటులో ఉప్పునీరు పోసినచో వెండి తెల్లని పొడియై దిగును. దానిని మరల వాడుకొనవచ్చును. ఆ బురదను పెంటలో వేయరాదు. హైదరాబాదు చెంత దుండిగల్లున ఇట్టి వ్యర్థములకు ప్రత్యేకస్థల మున్నది. 2016 నాటి కేంద్రనియమములు ప్రమాదకర వ్యర్థములను సాధారణముగా తొంబది దినములకు మించి నిలువ నుంచరాదనుచున్నవి.

పరమేశ్వరుడు హాలాహలమును మ్రింగలేదు, ఉమియలేదు, కంఠముననే నిలిపెను. మ్రింగిన తనకు, ఉమిసిన లోకమునకు కీడు. ప్రయోగశాలకు సీసాయే కంఠము.

పెద్దలారా! మీ మనుమల చదువు విచారింప కళాశాలకు పోయినప్పుడు మార్కులతోపాటు ఈ యొక్కమాటయు నడుగుడు: “అయ్యా, మీ తొట్టినీ రెక్కడికి పోవుచున్నది?” జవాబు వినుటతో తృప్తిపడక, గోడవెనుకకు పోయి చూడుడు. బావి మనది, అడుగు అధికారమును మనదే.