లాకు తలుపులు
(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘముల కూడికలో చేసిన ప్రసంగము)



మనము కాలువ నీటి మీద బ్రతికేవారము. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీరు వదిలిన తరువాత మిర్యాలగూడ, కోదాడ పొలములు పచ్చబడినవి. సూర్యాపేట వైపు మూసీ నీరున్నది. అయితే మనము తూములు చూచినవారమే గాని, పడవను ఎత్తి దించే లాకును చూచినవారము కాము. అందుచేత మూడు సంఘముల నుండి కొందరము కలిసి దవళేశ్వరము వెళ్ళాము.

అక్కడ కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయినది. కాలువలు చేలకు నీరిచ్చుటే గాక పడవలను కూడ మోయవలెనని ఆయన పట్టుదల. నీటి మట్టము మారిన చోట పడవ దాటుటకు లాకు కట్టారు. ఇప్పుడు ఆ కాలువలలో సరుకు పడవలు దాదాపు లేవు. ఒకప్పుడు పడవ నడిపిన ఒక ముసలి సరంగు మాకు సంగతి చెప్పాడు.

"లాకంటే రాతి తొట్టి అయ్యగారూ. రెండు కొసలా జంట తలుపులుంటాయి. పైకి పోవాలంటే పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూయాలి. అప్పుడు ముందు వైపు చిన్న తూములు ఎత్తుతారు. నీరు మెల్లగా నిండుతుంది, పడవ లేస్తుంది. నీరు సమమైతే తలుపు సులువుగా వస్తుంది. సమం కాకముందు ఇరవై మంది తోసినా కదలదు. తాడు కూడా చూసుకోవాలి. దిగేటప్పుడు వదలకపోతే పడవ గోడకు వేలాడుతుంది."

సముద్రపు పోటు తగిలే ఏటిలో కలిసే చోట ఇంకొక చిక్కు ఉన్నది. పాటు వేళ కాలువ నీరు ఎత్తు, పోటు వేళ ఏటి నీరు ఎత్తు కావచ్చును. అటువంటి చోట సముద్రము వైపు ఆనే తలుపులు కూడ కావలెను. పడవవాడు పోటును తొందరపెట్టలేడు, వేచియుండవలసినదే.

ఆ మాట మా హృదయములో నాటుకున్నది. మా సంఘములో రెండు వర్గములు ఆరేండ్లుగా ఒకే బల్ల దగ్గరకు రాలేదు. మేము ఒక్క సాయంకాలములో రాజీ చేయబోయి, అందరిని ఒక గదిలో కూర్చుండబెట్టాము. పాత లెక్కలు తెరిచియుండగానే కొత్త మాట అడిగాము. రెండు తలుపులు ఒకేసారి తెరిచినట్లాయెను. మునుపటికంటె ఎక్కువ పగుళ్ళు పడినవి. తప్పు మాదే.

తిరిగి వచ్చిన తరువాత వరుస మార్చాము. ముందు పాత లెక్క తేల్చి, ఇరువైపుల పెద్దలచేత సంతకము చేయించి మూసివేశాము. పిమ్మట ఒక్కొక్క ఇంటికి వెళ్ళి కూర్చున్నాము. చాలినంత తాడు వదిలాము. పదునాలుగు నెలలు పట్టినది. మొన్నటి పండుగకు బల్ల దగ్గర అందరును ఉన్నారు, ఒక్క కుటుంబము తప్ప. ఆ ఇంటికి ఇంకను వెళ్ళుచున్నాము.

నూరేండ్ల పండుగ చేసికొను మనము ఎన్ని తలుపులు తోసి విసిగితిమో ఆలోచించుదము. తోయుట మాని నీరు నింపుదము. అందుకు చాలిన ఓర్పు దేవుడు మనకు దయచేయును గాక. ఆమేన్.