న్యాయపీఠమును ఆఫ్రికా ఖండమును



బలవంతుడును దుర్బలుడును సమానముగా నిలువగలిగిన చోటనే ధర్మాసనమను పేరు సార్థకమగును. హేగు నగరమందలి అంతర్జాతీయ నేర న్యాయస్థానమునకును ఆఫ్రికా రాజ్యములకును నడుమ పెరిగిన వివాదమును ఈ దృష్టితో మీ యెదుట విచారింపదలచితిమి.

ఈ న్యాయస్థానమునకు మూలమగు ఒడంబడిక 1998 జూలైలో రోము నగరమున కుదిరి, 2002 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. జాతిసంహారము, యుద్ధనేరములు మొదలగు ఘోరాపరాధములను విచారించుట దీని పని. దీనిని అందరికంటె ముందు ధ్రువపరచినది ఐరోపా రాజ్యము కాదు, ఆఫ్రికాలోని సెనెగలు. 1994లో రువాండాలో లక్షలాది జనులు వధింపబడుచుండగా లోకము చేతులు ముడుచుకొని చూచినది. ఆ గాయము మానకమునుపే ఆఫ్రికా రాజ్యములనేకము ఈ ఒడంబడికలో చేరినవి. ఉగాండా, కాంగో ప్రభుత్వములు తమ దేశములందలి ఘోరములను విచారింపుడని తామే అర్థించినవి.

అట్టి ఆదరము అనుమానముగా మారుటకు కారణము లేకపోలేదు. 2016లో జార్జియా దేశపు దర్యాప్తు ఆరంభమగువరకు ఈ న్యాయస్థానము దర్యాప్తునకు చేపట్టిన దేశములన్నియు ఆఫ్రికావే. సూడాను వ్యవహారమును 2005లోను, లిబియా వ్యవహారమును 2011లోను దీనికి అప్పగించినది భద్రతా సమితి. ఆ సమితిలో శాశ్వత స్థానములున్న అమెరికా, రష్యా, చైనాలు ఈ ఒడంబడికకు కట్టుబడినవి కావు. తాము తలయొగ్గని చట్టమునకు పరులను ఒప్పగించుట ఏ ధర్మము? సమితికిచ్చిన ఈ అధికారమును రోములోనే ఆక్షేపించిన మన దేశము నేటికిని వెలుపలనే యున్నది. 2023లో రష్యా అధ్యక్షునిపైనను, 2024లో ఇజ్రాయెలు ప్రధానిపైనను వారంట్లు వెలువడినవి. వెంటనే, 2025లో, అమెరికా ఆ న్యాయాధిపతులపైననే ఆంక్షలు విధించినది. కావున ఆఫ్రికావారి ఫిర్యాదు న్యాయమైనదే.

కాని ఆ ఫిర్యాదును అడ్డుపెట్టుకొనుచున్న వారెవరో చూడవలదా? సూడాను అధ్యక్షుడు ఒమర్ అల్ బషీరుపై 2009లో వారంటు వెలువడెను. 2015 జూన్‌లో జోహాన్నెస్‌బర్గు సమావేశమునకు వచ్చిన ఆతనిని దేశము విడువనీయరాదని అచ్చటి న్యాయస్థానము ఆజ్ఞాపించినను, ఆతడు విమానమెక్కి వెడలిపోయెను. 2014లో ఆఫ్రికా సమాఖ్య తన ఖండమునకే నేరవిచారణ న్యాయస్థానమును కల్పింపబూని, పదవిలోనున్న దేశాధినేతలపై అభియోగము చెల్లదని అందులో వ్రాసికొన్నది. ఆ పత్రము ఇంకను అమలునకు రాలేదు. జాతి స్వాతంత్ర్యము వేరు, పాలకుని నిరంకుశత్వము వేరు. దార్ఫూరులో ఇండ్లు కాలి నిలువనీడ లేనివారును ఆఫ్రికావారే కదా. వారి మానమర్యాదలు ఎవరికి పట్టినవి?

దీనికి మేలైన మార్గమును డకారు నగరము చూపినది. చాదు దేశపు నియంత హిస్సేన్ హబ్రే 1990లో పదవీభ్రష్టుడై సెనెగలులో తలదాచుకొనెను. ఆతని చెరసాలలనుండి ప్రాణములతో బయటపడినవారు ఏండ్లతరబడి పట్టు విడువక పోరాడిరి. తుదకు ఆఫ్రికా సమాఖ్యయు సెనెగలును కలిసి నెలకొల్పిన ప్రత్యేక ధర్మాసనము, బుర్కినా ఫాసో న్యాయాధిపతి అధ్యక్షతన, 2016 మే నెలలో ఆతనికి యావజ్జీవ కారాగారము విధించినది. హేగు పక్షపాతమునకు ఇంతకు మించిన ప్రత్యుత్తరము కలదా?

2017లో బురుండి వైదొలగెను. 2025 సెప్టెంబరులో మాలి, బుర్కినా ఫాసో, నైజరు దేశముల సైనిక పాలకులు తామును వైదొలగెదమని ప్రకటించిరి. అందు మాలి 2012లో తానే ఆ న్యాయస్థానపు గుమ్మమెక్కిన దేశము. ఇంట మరియొక ధర్మాసనము నిలుపక ఉన్నదానిని విడుచుట, వైద్యుడు పక్షపాతియని రోగి మందును పారబోయుట వంటిది. బలవంతులను కూడ బోనెక్కింపుడని ఆఫ్రికా గర్జింపవలెను; తన పాలకులను బోనునుండి దింపుడని వేడరాదు. దుర్బల జాతులన్నియు ఈ భేదమును గుర్తింపవలెనని మా మనవి.