న్యాయస్థానం అడిగిన ప్రశ్నకు మన జవాబు



ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లిం రిజర్వేషన్లపై సాగిన వ్యాజ్యాల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. "కోర్టు మన రిజర్వేషన్లను కొట్టివేసింది" అన్న మాట తరచుగా వింటున్నాం. ఎందుకు కొట్టివేసిందని అడిగేవారు మాత్రం తక్కువ.

2004 జులైలో రాష్ట్ర ప్రభుత్వం ముస్లింలందరికీ 5 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. సెప్టెంబరులో హైకోర్టు దానిని రద్దు చేసింది. వెనుకబడిన తరగతుల కమిషన్‌ను సంప్రదించకపోవడం అందులోని ప్రధాన లోపం. అయితే, వెనుకబాటుతనం రుజువైతే ముస్లింలను వెనుకబడిన తరగతిగా గుర్తించడానికి రాజ్యాంగం అడ్డురాదని కూడా ఆ తీర్పు పేర్కొన్నది. ఈ మాటను మనం మరువరాదు.

2005లో కమిషన్ నివేదిక ఆధారంగా ఆర్డినెన్సు, ఆపై చట్టం వచ్చాయి. అప్పటికే బి.సి.లకు 25, ఎస్.సి.లకు 15, ఎస్.టి.లకు 6, మొత్తం 46 శాతం రిజర్వేషన్ అమలులో ఉంది. మరో 5 కలిస్తే 51 అవుతుంది. సుప్రీంకోర్టు విధించిన 50 శాతం పరిమితి దాటింది. వెనుకబాటును నిర్ధారించిన పద్ధతి కూడా హైకోర్టు పరీక్షకు నిలువలేదు. నవంబరులో ఆ చట్టమూ రద్దయింది.

2007లో దారి మారింది. విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి పి.ఎస్. కృష్ణన్ నివేదిక, కమిషన్ సిఫారసుల మీద, సయ్యద్, మొఘల్, పఠాన్ తదితరులను మినహాయించి, వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం కేటాయించారు. దూదేకుల, మెహతర్ వర్గాలు అంతకుముందే బి.సి. జాబితాలో ఉన్నాయి. 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 5-2 మెజారిటీతో దీనినీ కొట్టివేసింది. సర్వే శాస్త్రీయంగా జరగలేదన్నది, మతమే ప్రాతిపదిక అయిందన్నది మెజారిటీ అభిప్రాయం. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. 14 వర్గాల పిల్లలు ఈనాడు పొందుతున్న సీట్లు ఆ ఉత్తర్వు నీడలోనివే. తుది తీర్పు ఇంకా రావలసి ఉంది.

మిత్రులారా, మూడు తీర్పులలోనూ న్యాయస్థానం పదే పదే అడిగిన ప్రశ్న ఒక్కటే: "మీ పేదరికానికి, చదువులేమికి లెక్క ఏది?" ఈ ప్రశ్న ప్రభుత్వానికే కాదు, మనకూ వర్తిస్తుంది. ముప్ఫై ఏళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. కాగితం మీద లేని కష్టం కార్యాలయంలో లేనట్లే లెక్క. బడి రిజిస్టరులో కులం గడిలో "ముస్లిం" అని మాత్రమే రాయించి, పిల్లవాడు ఇంటరు దాటాక ధ్రువపత్రం కోసం తిరిగిన తండ్రులను ఎందరినో చూశాను.

కనుక నా విన్నపం చిన్నది. మీరు షేక్ అయినా, ఖురేషీ అయినా, అత్తరు సాయెబు అయినా, హజామ్ అయినా ఆ పేరు బడిలో చేర్చేనాడే సరిగా రాయించండి. వృత్తి పేరు చెప్పుకోవడం నామోషీ కాదు. రాబోయే జనగణనలో కులగణన కూడా ఉంటుందని కేంద్రం 2025లో ప్రకటించింది. లెక్కలవారు గుమ్మంలోకి వచ్చినప్పుడు భయపడి తలుపు వేయకండి, గొప్పకు పోయి లేనిది చెప్పకండి. ప్రతి మస్జిద్ కమిటీ ఇద్దరు చదువుకున్న యువకులను ఈ పనికి కేటాయించాలి.

సుప్రీంకోర్టులో మన పక్షాన న్యాయవాదులు వాదిస్తారు. వారి చేతికి ఆధారం అందించవలసినవారం మనమే. నిజం చెప్పే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.