ముందేం జరుగుతుందో తెలియని సంగీతం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మన బడిలో చదువుకున్న డాక్టర్లు, ఇంజనీర్లు, టీచర్లు ఏం చేస్తారో అందరికీ తెలుసు. నీ పనేమిటో మాత్రం ఎవరికీ అర్థం కాలేదు. ఓ పావుగంట చెప్పు" అన్నారు. నేను వీడియో గేముల్లో సంగీతం అమర్చే పని చేస్తాను. బాణీలు కట్టేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లిచ్చిన సంగీతం ఆటలో ఎప్పుడు మొదలవ్వాలి, ఎప్పుడు మారాలి, ఎక్కడ ఆగాలి అన్నది కంప్యూటర్‌కు నేర్పడం నాలాంటివాళ్ల పని.

ఈ మాట చెప్పగానే అందరూ ఒకటే అడుగుతారు. పేరున్న సినిమాను గేముగా తీస్తే సంగీతం ఎలాగూ సిద్ధంగా ఉంటుంది కదా, ఆ రికార్డు మోగిస్తే సరిపోదా, మధ్యలో మీరు చేసేదేముంది అని. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికే ఇవాళ ఈ మైకు ముందుకొచ్చాను.

సినిమాకు నేపథ్య సంగీతం చేసేవారు బొమ్మను ముందే చూస్తారు. నలభై రెండో సెకనులో కథానాయిక తలుపు తీస్తుందని వారికి తెలుసు. అందుకే ముప్పై ఎనిమిదో సెకనులోనే వయొలిన్లు పైకి లేస్తాయి. తలుపు వెనక ఎవరున్నారో మనకు తెలియకపోయినా సంగీతానికి తెలుసు. మనకు గుండె దడ పుట్టించేది ఆ ముందు తెలియడమే.

ఇప్పుడు అదే సన్నివేశాన్ని గేములో పెట్టండి. తలుపు తీయాల్సింది ఆడుతున్న పిల్లవాడు. వాడు తలుపు దాకా వచ్చి, అమ్మ పిలిస్తే అన్నానికి వెళ్లిపోవచ్చు. పక్క గదిలో ఏముందో చూసొద్దామని వెనక్కి తిరగవచ్చు. లేదా ఎనిమిదో సెకనులోనే తలుపు తోసుకుని లోపలికి దూకవచ్చు. రికార్డు మాత్రం తన లెక్కలో తాను పోతుంది. లోపల రాక్షసుడు మీద పడుతుంటే పైన వేణువు హాయిగా మోగుతుంటుంది. గేము సంగీతానికి ముందేం జరుగుతుందో తెలియదు. మా కష్టమంతా అక్కడే మొదలవుతుంది.

ఈ వృత్తిలోకి వచ్చినవాళ్లు తప్పకుండా గమనించే ఉదాహరణ 'స్టార్ వార్స్'. 1977లో వచ్చిన ఆ సినిమాకు జాన్ విలియమ్స్ సంగీతం సమకూర్చారు. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది. దానికి ఆస్కార్ వచ్చింది. ఆయన పద్ధతి చెప్పడానికి తేలిక, చేయడానికి కష్టం. ముఖ్యమైన పాత్రలకు, భావాలకు ఒక్కో చిన్న బాణీ కేటాయిస్తారు. ఆ పాత్ర తెర మీద లేకపోయినా బాణీ వినపడితే చాలు, ప్రేక్షకుడికి ఆ పాత్ర మనసులో మెదులుతుంది. దుష్ట సామ్రాజ్యానికి గుర్తుగా అందరూ కూనిరాగం తీసే కవాతు బాణీ మొదటి సినిమాలో లేదు. అది 1980లో వచ్చిన రెండో సినిమాతో వచ్చింది.

1983లో అటారి సంస్థ ఈ సినిమాను ఆర్కేడ్ ఆటగా తెచ్చింది. నాణెం వేసి ఆడే పెద్ద పెట్టె అది. అందులో వంద మంది వాద్యకారులు పట్టరు కదా. చిప్ పుట్టించే కీచు ధ్వనులతోనే విలియమ్స్ బాణీలు వినిపించారు. అయినా విన్నవాళ్లు గుర్తుపట్టారు. నేను దీన్నుంచి నేర్చుకున్నది ఒకటుంది. వాయిద్యాలన్నీ పోయినా బాణీ బతుకుతుంది. మన ఇళ్లలో ఘంటసాల పాటను వంటింట్లో గరిట తిప్పుతూ పాడుకున్నా అది ఆ పాటే కదా.

అసలు మలుపు తర్వాత వచ్చింది. లూకాస్‌ఆర్ట్స్ సంస్థలో మైకేల్ లాండ్, పీటర్ మెకానెల్ అనే ఇద్దరు సంగీతకారులు 'ఐమ్యూజ్' అనే ఏర్పాటు తయారుచేశారు. 1991లో 'మంకీ ఐలాండ్ 2' అనే ఆటలో దాన్ని మొదట వాడారు. 1993లో వచ్చిన 'ఎక్స్-వింగ్' అనే స్టార్ వార్స్ ఆటలో విలియమ్స్ బాణీలకు దాన్ని వర్తింపజేశారు.

అదెలా పనిచేస్తుందో మన సంగీతం పీరియడ్ భాషలో చెబుతాను. అప్పటి ఆటల్లో సంగీతం మిడి రూపంలో ఉండేది. మిడి అంటే రికార్డు చేసిన శబ్దం కాదు, స్వరలిపి లాంటిది. ఏ స్వరం, ఏ వాయిద్యం, ఎంతసేపు, ఎంత గట్టిగా అన్న ఆదేశాలే అందులో ఉంటాయి. రికార్డును మధ్యలో కోస్తే చెవికి గుచ్చుకుంటుంది. స్వరలిపిని చదువుతున్నవాడికి మాత్రం "ఈ ఆవర్తనం అయ్యాక ఫలానా చరణానికి వెళ్లు" అని చెప్పవచ్చు. ఐమ్యూజ్ చేసింది అదే. బాణీ పొడుగునా సంగీతకారుడు కొన్ని గుర్తులు పెడతాడు. వాయింపు ఆ గుర్తు దగ్గరకు వచ్చినప్పుడల్లా కంప్యూటర్ ఆట వైపు చూస్తుంది. శత్రు నౌకలు వచ్చాయా? రాకపోతే అదే దారిలో సాగుతుంది. వస్తే, ఆ మలుపు కోసమే రాసి ఉంచిన చిన్న వంతెన వాయించి యుద్ధపు బాణీలోకి దిగుతుంది. కావాలంటే వేగం పెంచుతుంది, శ్రుతి మారుస్తుంది, ఒక వాయిద్యాన్ని ఆపుతుంది.

మరి ఆవర్తనం అయ్యేదాకా ఆగితే ఆలస్యం కాదా అంటారేమో. నిమిషానికి 120 దెబ్బల వేగంలో, నాలుగు దెబ్బల ఆవర్తనం రెండు సెకన్లలో అయిపోతుంది. ఆ రెండు సెకన్లు ఆగడం వల్లనే ఆడేవాడికి అతుకు కనిపించదు. తన కోసమే ఎవరో పక్కన కూర్చుని వాయిస్తున్నట్టు ఉంటుంది.

1994లో దాని తర్వాతి ఆట 'టై ఫైటర్' వచ్చింది. అందులో ఆడేవాడు సామ్రాజ్యం పక్షాన పోరాడే పైలట్. అంటే సినిమాలో విలన్ల జట్టు. అక్కడ ఆ కవాతు బాణీ భయపెట్టడానికి కాదు, "మనవాళ్లు వచ్చారు" అనే ధైర్యానికి. స్వరాలు అవే, వినేవాడు నిలబడిన చోటు మారింది, అర్థం మారింది. బాణీ పాత్రను అర్థం చేసుకోకుండా రికార్డును తెచ్చి పెట్టేవాడికి ఈ ఆలోచన రాదు.

ఇక్కడ మీకు చెప్పి తీరాల్సిన విషయం ఒకటుంది. 1998లో ఈ రెండు ఆటలను కొత్త కంప్యూటర్ల కోసం మళ్లీ విడుదల చేశారు. అప్పటికి సీడీలు వచ్చేశాయి. మిడిని తీసేసి అసలు ఆర్కెస్ట్రా రికార్డింగులనే పెట్టారు. ధ్వని అద్భుతంగా మారింది. సంగీతం మాత్రం ఆటను చూడటం మానేసింది. మీరు గెలుస్తున్నా ఓడుతున్నా తన పాటికి తాను తిరుగుతూ ఉండేది. పాత ఆటగాళ్లలో చాలామందికి అది నచ్చలేదు. బొంగురు గొంతైనా తమతో మాట్లాడిన పాత సంగీతమే కావాలన్నారు. 2014లో ఈ ఆటలను మళ్లీ అమ్మకానికి పెట్టినప్పుడు పాత రూపాన్నీ, 1998 రూపాన్నీ కలిపి ఇచ్చారు.

మొదట్లో చెప్పిన ప్రశ్నకు నా జవాబు ఇదే. ఒక గొప్ప సినిమా సంగీతానికి నమ్మకంగా ఉండటమంటే దాని రికార్డును చెక్కుచెదరకుండా మోగించడం కాదు. సినిమాలో ఆ సంగీతం ఏ పని చేసిందో, ఆటలోనూ ఆ పని చేయించడం. విలియమ్స్ సంగీతం సినిమాలో ప్రతి కదలికనూ కనిపెట్టుకుని ఉంటుంది. ఆటలో అది ఆడేవాణ్ణి కనిపెట్టుకోకపోతే, స్వరాలన్నీ సరిగ్గా ఉన్నా అది విలియమ్స్ సంగీతం కాదు.

ఇంకో చిక్కు ఉంది. సినిమా రెండు గంటలు. ఆటలో ఒకే ఘట్టాన్ని గెలిచేదాకా ముప్పై సార్లు ఆడవచ్చు. ఎంత మంచి బాణీ అయినా ముప్పై సార్లు వరసగా వింటే విసుగు పుడుతుంది. అందుకే అందరూ ఎదురుచూసే బాణీని మేం దాచిపెడతాం. దాని మొదటి నాలుగు స్వరాలు ఒకచోట, నీడలాంటి తంబుర ధ్వని ఇంకోచోట వినిపించి, గెలిచినప్పుడే మొత్తం ఇస్తాం. కొన్నిచోట్ల అసలేమీ మోగనివ్వం. ఎక్కడ మోగకూడదో తేల్చుకోవడానికే ఎక్కువ రోజులు పడుతుంది.

ఇప్పటి ఆటల్లో రెండు దారులూ కలిశాయి. నిజమైన ఆర్కెస్ట్రా చేతనే పొరలు పొరలుగా, ముక్కలు ముక్కలుగా వాయించి రికార్డు చేస్తారు. డప్పులు వేరు, వయొలిన్లు వేరు, ఇత్తడి బూరలు వేరు. ప్రమాదం పెరిగేకొద్దీ ఒక్కో పొర తెరుచుకుంటుంది. పాత బాణీల పక్కన అదే కుటుంబంలోవి అనిపించే కొత్త బాణీలూ కడతారు. స్టీఫెన్ బార్టన్, గోర్డీ హాబ్ అలా సంగీతం చేసిన 'స్టార్ వార్స్ జెడై: సర్వైవర్' ఆటకు 2024లో గ్రామీ పురస్కారం వచ్చింది.

ఇదంతా పరదేశపు ముచ్చట అనుకోకండి. ఉదాహరణకు 1957 నాటి 'మాయాబజార్'ను ఎవరైనా గేముగా చేశారనుకుందాం. ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుడు పెళ్లివంటలన్నీ ఆరగించే పాట మనందరికీ కంఠతా వచ్చు. సినిమాలో ఆయన ఏది ముందు తింటారో, ఎప్పుడు నవ్వుతారో నిర్ణయమైపోయింది. గేములో పళ్లెం పిల్లవాడి చేతిలో ఉంటుంది. వాడు గారెలు వదిలేసి లడ్డూల మీద పడతాడు. అప్పుడు తాళం ఆగకుండా నడుస్తుండాలి, ఏ వంటకం ముట్టుకుంటే ఆ పాదం అందుకోవాలి, ఆ నవ్వు ఆవర్తనం చివరనే పడాలి. పాట మాధవపెద్ది సత్యం గారిదే. పళ్లెం మాత్రం పిల్లవాడిది.

నిజానికి ఈ విద్య మనవాళ్లకు ఐమ్యూజ్ కంటే ముందే తెలుసు. పద్యనాటకాలు చూసిన పెద్దలు ఇక్కడ చాలామంది ఉన్నారు. కృష్ణుడి వేషధారి పద్యం చివర రాగం ఎంతసేపు తీస్తాడో హార్మోనిస్టుకు ముందు తెలియదు. జనం "వన్స్‌మోర్" అంటే అదే పద్యం మళ్లీ ఎత్తుకోవాలి. వేషధారి మాట మరిచిపోతే, అతను తేరుకునేదాకా అదే స్వరం మీద నిలబడి కాపాడాలి. హార్మోనిస్టు వేళ్లు మెట్ల మీద ఉంటే, కళ్లు నటుడి మీద ఉంటాయి. మేం కంప్యూటర్‌కు నేర్పాలని తంటాలు పడుతున్నది ఆ కళ్లనే.

ఆ చూపు పుస్తకంలో దొరకదు. పక్కవాడితో కలిసి వాయిస్తే వస్తుంది, కలిసి పాడితే వస్తుంది. నాకు ఈ బడిలో, వారానికి రెండు సంగీతం పీరియడ్లలో వచ్చింది. ఇవాళ పొద్దున బడంతా తిరిగి చూశాను. కంప్యూటర్ ల్యాబ్ చక్కగా ఉంది, చాలా సంతోషం. సంగీతం గదిలో మాత్రం విరిగిన బెంచీలు పేర్చి ఉన్నాయి. టైంటేబుల్లో సంగీతం పీరియడ్ లేదు.

స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర ఆర్చి కట్టాలని సంఘం ఆలోచిస్తున్నదని విన్నాను. ఆ ఆలోచనను కాదనడం లేదు. ఆర్చి కాస్త చిన్నదైనా ఫరవాలేదనుకుంటే, మిగిలిన డబ్బుతో రెండు హార్మోనియంలు, ఒక తబలా జత, ఒక కీబోర్డు కొందాం. వారానికి రెండు రోజులు వచ్చి నేర్పే ఒక మాస్టారికి గౌరవ వేతనం ఏర్పాటు చేద్దాం. మొదటి రెండేళ్ల వేతనంలో సగం నేను ఇస్తాను. మిగతా సగం మా బ్యాచ్ మిత్రుల దగ్గర వసూలు చేసే బాధ్యత కూడా నాదే. పాపం, వాళ్లకు ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది.

హెడ్మాస్టరు గారు అనుమతిస్తే బెంచీలు మోయడానికి రేపు ఉదయం తొమ్మిదింటికి నేను వస్తాను. వీలున్నవాళ్లు రండి.