కనెక్షన్ తెగినప్పుడు ముందు లాగ్ చదవాలి



'నువ్వు చేసే ఉద్యోగమేమిటో మాకూ అర్థమయ్యేలా చెప్పు' అని సంఘం వారు అడిగారు. ఒక డేటాబేసు నుంచి మరో డేటాబేసుకు సమాచారం మోసే సర్వరును కనిపెట్టుకుని ఉండడం నా పని. అది సజావుగా నడిచినన్నాళ్లూ మేమున్నామని కూడా ఎవరికీ తెలియదు.

ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షల ఫలితాలు ల్యాబు నుంచి ఆ సర్వరు ద్వారానే వార్డులకు చేరేవి. ఒక ఉదయం 9:10కి ఆగిపోయాయి. రోగికి పొటాషియం ఎంతుందో తెలియక డాక్టరుగారు ఎదురుచూస్తున్నారు. ల్యాబు వాళ్లు ఫోనులో అంకెలు చదువుతుంటే నర్సులు కాగితం మీద రాసుకుంటున్నారు. ఒక్క అంకె తారుమారైతే ఏమవుతుందో మీరే ఊహించండి.

ఇలాంటప్పుడు అందరి చేయీ రీస్టార్టు మీదికే పోతుంది. నేను మాత్రం ముందు ఎర్రరు మాట పూర్తిగా చదవమంటాను. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అంటే సాధారణంగా అవతలి కంప్యూటరు దాకా వెళ్లాం, ఆ పోర్టులో వినేవారు లేరని. పోస్ట్‌గ్రెస్ డేటాబేసుకైతే ఆ పోర్టు మామూలుగా 5432. 'టైమ్డ్ ఔట్' అంటే అసలు జవాబే రాలేదని. చాలాసార్లు మధ్యలో ఫైర్‌వాల్ మింగేసి ఉంటుంది. పాస్‌వర్డు తప్పని వస్తే సంతోషించాలి, దారి బాగుందన్నమాట!

ఆ రోజు లాగ్‌లో చివరి వరుస 3:52 అని ఉంది. తెల్లవారుజామునే లాగింగ్ ఆగిందనుకుని కొందరు డిస్కు నిండిందేమోనని వెతుకుతున్నారు. నిజానికి లాగ్ యూటీసీలో రాస్తోంది, మనకంటే 5 గంటల 30 నిమిషాలు వెనక. రీడింగు పక్కన యూనిట్ రాయకపోతే మన సైన్సు సార్లు మార్కులు కోసేవారు. టైము పక్కన యూటీసీ అని రాయని ప్రోగ్రాములకూ కోయాలి.

3:40 దగ్గర చూస్తే విషయం స్పష్టంగా ఉంది: మిగిలిన కనెక్షన్లు సూపర్‌యూజర్లకే అని. పోస్ట్‌గ్రెస్‌లో మనం మార్చకపోతే మొత్తం 100 కనెక్షన్లే, అందులో 3 సూపర్‌యూజర్లకు. ఆ మూడింటిలో ఒకటి పట్టుకునే లోపలికి వెళ్లాం. గంటల తరబడి ఖాళీగా కూర్చున్న కనెక్షన్లు వరుసగా కనిపించాయి. ఫలితం సరైన రూపంలో రానప్పుడల్లా ల్యాబు ప్రోగ్రాము కనెక్షన్ మూయకుండా వదిలేస్తోంది. వాటిని తెంపగానే ఫలితాలు కదిలాయి. రీస్టార్టుతోనూ కదిలేవే, కానీ కారణం చెరిగిపోయి కొద్దిరోజులకు మళ్లీ అదే జరిగేది.

లాగ్‌లో రోగుల పేర్లు కూడా రాస్తున్నారని అప్పుడే బయటపడింది. ఆ వారమే తీయించాం. ఇప్పుడు శాంపిలు నంబరు మాత్రమే ఉంటుంది.