పాత వ్యానుకు కొత్త సైలెన్సరు



నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు తెలిసింది మా బండి సంగతి. అదే చెబుతాను.

మాది పాత మారుతి ఓమ్నీ వ్యాను. 2019లో ఆ వ్యాన్ల తయారీ ఆగిపోయింది. మాది ఇంకా తిరుగుతోంది. రోజూ కూరగాయలు వేసుకుని రైతు బజారుకు పోతాం.

పోయిన వానాకాలం బండి బర్రుమని మోత మొదలుపెట్టింది. "మోతే కదా, పోనీలే" అన్నాడు మా ఆయన. ఆ రోజుల్లోనే మా పాపకు బండెక్కితే తలనొప్పి, వాంతులు. దిగి గాలి తగిలితే తగ్గేది. పైత్యం అనుకున్నాం. వాన కదా, అద్దాలు మూసుకునే వాళ్ళం.

ఒకరోజు వంగి చూశాను. సైలెన్సరు తుప్పు పట్టి చిల్లు పడింది. పెట్రోలు మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది. దగ్గర దూరాలు తిరిగే బండిలో ఆ నీరు ఆరదు. గొట్టాన్ని లోపలినుంచే తినేస్తుంది.

ఆ చిల్లు లోంచి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తాన్ని ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, వాంతులు, తర్వాత మత్తు. నిద్రలోనే ప్రాణం పోవచ్చు. ఇది తెలిశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంటి దగ్గరే మార్చుకున్నాం. ముందురోజు రాత్రి బోల్టులకు తుప్పు వదిలే నూనె పూశాం. ఇంజను బాగా చల్లారాకే చెయ్యి పెట్టాం. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద దూరకూడదమ్మా! మా ఆయన ఇటుకలు పెడతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇటుక పగిలితే మనిషి మిగలడు. మెకానిక్కు దగ్గర ఇనుప స్టాండ్లు అడిగి తెచ్చాం. చక్రాలకు రాళ్ళు అడ్డం వేశాం.

పాత గాస్కెట్ మళ్ళీ వాడలేదు. గాస్కెట్ అంటే అతుకు మధ్య పెట్టే బిళ్ళ. షాపులో ఇచ్చిన పొట్లం మీద వేరే బండి పేరుంది. కూడబలుక్కుని చదివి, వాపసు ఇచ్చాను. కొత్త సైలెన్సరును ముందు రబ్బర్లకు వేలాడదీసి, సరిచూసుకుని, అప్పుడు బిగించాం. కొన్ని బళ్ళలో పొగను శుద్ధి చేసే డబ్బా ఉంటుంది. ఎవరైనా దాన్ని తీసేసి వట్టి గొట్టం వేస్తామంటే ఒప్పుకోకండి.

బండిని ఆరుబయట పెట్టి, స్టార్టు చేసి, అతుకుల మీద వెంటనే సబ్బు నీళ్ళు చల్లాం. బుడగలు రాలేదు. వారం తిరిగాక బోల్టులు మళ్ళీ బిగించాం.

పాపకు మళ్ళీ వాంతులు కాలేదు. పాత రబ్బర్లు రెండు పగుళ్ళిచ్చాయి. వచ్చే వానల లోపు వాటినీ మార్చాలి.