పుస్తకములో దొరకిన మాట



గ్రంథాలయోద్యమ చరిత్రమును గూర్చి ప్రసంగించు పెద్దలు వేరుగ నున్నారు. కార్యదర్శిగారు నాకు చిన్న విషయమునే యప్పగించినారు: చదువునపుడు ఎదురగు తెలియని మాటలను ఏమి చేయవలెను? అవి మన వ్రాతకు ఎట్లుపయోగపడును?

దాటిపోవుటయే మన యలవాటు. కథ మంచిపట్టున నుండగా నిఘంటువు కొరకు లేచువారెవ్వరు! అందు దోషము లేదు. కథ ముగిసిన తరువాత ఆ మాటను మాత్రమే కాక, అది యున్న వాక్యమును పూర్తిగ నొక పుస్తకమున ఎత్తి వ్రాసికొనుడు. తోడిమాటల నడుమ నున్నప్పుడే మాట స్వభావము తెలియును. ముందు అర్థమును మీరే యూహించి, పిదప నిఘంటువు తెరువుడు.

తెరచినను దొరకలేదని కొందరు విసుగుకొందురు. పద్యమున ‘వాడువోయె’ అని యుండును. ‘వో’ క్రింద వెదకిన నేమి లాభము? అది ‘పోయె’. ప్రథమావిభక్తిమీది క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలగుట వ్యాకరణమున నున్నదే. కనుక ‘సెప్పె’ను ‘చెప్పు’ క్రింద వెదకవలెను. సి.పి. బ్రౌను నిఘంటువు 1852 నాటిది. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వెలువడినది. రెండును నేటికిని పనికివచ్చునవే.

అయినను నిఘంటువు అర్థము చెప్పును గాని, మాట ఎచ్చట చెల్లదో ప్రతిసారి చెప్పదు. ‘కూకటివేళ్ళతో పెకలించెను’ అనుట సొంపైన పలుకుబడి. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను కూల్చినది. కొబ్బరిచెట్లు కూకటివేళ్ళతో లేచిపోయినవని వ్రాసినచో వినుటకు బాగుండును. కాని కూకటివేరనగా తల్లివేరు. కొబ్బరికి తల్లివేరే లేదు; ఉన్నవన్నియు పీచువేళ్ళు. జీడిమామిడికైన నా మాట చెల్లును.

మరి కూలని చెట్టు సంగతి యేమి? మొవ్వు విరిగిన కొబ్బరిచెట్టు నిలిచియే యుండును. కొన్నాళ్ళు మట్టలు పచ్చగనే యుండును. దూరమునుండి చూచువానికి అది బ్రదికిన చెట్టే. కాని కొబ్బరికి ఎదుగుదల మొవ్వునందే. అది పోయినచో చెట్టు పోయినట్లే. అర్జీలో ‘చెట్లు దెబ్బతిన్నవి’ అని వ్రాసినదానికిని, ‘ఇన్ని కూలినవి, ఇన్నిటికి మొవ్వు విరిగినది’ అని వ్రాసినదానికిని ఎంత భేదము! తోటలో పెరిగిన పిల్లవానికి ఈ మాట నోటనున్నను, కలము పట్టగానే ‘దెబ్బతిన్నవి’ అనును. ఇంటిమాట వ్రాతకు తగదని యతని భ్రమ. క్రొత్త మాటలకొరకు పుస్తకములు వెదకువాడు ఉన్నమాటను గడపలోనే విడిచిపెట్టుచున్నాడు.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమును ప్రకటించినది. అందలివి సేద్యపు మాటలు, రైతుల నోట విని కూర్చినవి. తరువాతి సంపుటమున చేనేత మాటలు వచ్చినవి. అట్టి పుస్తకము చదివినవానికి ‘మొవ్వు’ అని వ్రాయుటకు సంకోచముండదు.

మన పొరుగున పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారికి (1863–1940) సవరభాష నేర్చునపుడు తెరచి చూచుటకు నిఘంటువే లేకపోయెను. సవరల నోటనే విని, వ్రాసికొని నేర్చిరి. ఆయన కూర్చిన ఇంగ్లీషు–సవర నిఘంటువు 1933లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను అచ్చయినవి.

మనకంత శ్రమ యక్కరలేదు. పఠనమందిరపు బల్లమీద ఒక తెల్లకాగితముల పుస్తకముంచుడు. ఎడమ పుటలో చదువరి తనకు క్రొత్తగ దోచిన వాక్యమును వ్రాయవలెను. కుడి పుటలో ఆ వస్తువునకు మన యూరి మాటను, అది చెప్పినవారు వేటకు పోవువారో, తోట చేయువారో, మగ్గము నేయువారో కూడ వ్రాయవలెను. కార్యదర్శిగారు అంగీకరించినచో ఆ పుస్తకపు వెల నేనిత్తును.